మొప్ప ఎర్రంగా ఉండాదా?

చేప కొనేటప్పుడు మొప్ప ఎత్తి చూడాలని మా సముద్రపు ఒడ్డు ఊళ్ళలో ఎవరూ ఎవరికీ నేర్పరు. చూసి నేర్చుకుంటాం. మొప్ప ఎర్రగా ఉంటే తాజాది, మట్టిరంగుకు తిరిగితే నిన్నటిది. మొన్న కూరకని వంజరం బేరమాడుతూ మొప్ప ఎత్తాను. చెవి పక్కనే ఎవరో మెల్లగా, "ఎర్రంగా ఉండాదా?" అని అడిగినట్టయింది. వెనక్కి తిరగలేదు. అలా అడిగే మనిషి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. అయినా నవ్వొచ్చి, "ఎర్రగానే ఉంది సార్" అని పైకే అన్నాను. చేపలమ్మే ఆవిడ నన్ను అదోలా చూసింది.

విడవలూరు వైపు మా ఊళ్ళో ఆయన్ని చిన్నా పెద్దా సారు అనే పిలిచేవాళ్ళు. నెల్లూరులో కాలేజీ పిల్లలకు జువాలజీ చెప్పి, ఉద్యోగం అయిపోయాక మా మందిరం ఎదుటి ఇంట్లోకి వచ్చి చేరారు. అంతకు మించి ఆయన వెనకటి బతుకు నాకు పెద్దగా తెలియదు. తెలిసిందల్లా ఆయన గొడుగు, ఆయన ఆమెన్, ఆయన చేపల బేరం.

గొడుగు ఎండకూ కాదు, వానకూ కాదు. దాని కొనకు ఇనప ములుకు ఉండేది. మందిరం ముందరి ఇసుకలో దానితో బొమ్మలు గీసేవారు. మాట్లాడేటప్పుడు ఆ కొన ఆగేది కాదు. ఇద్దరు పెద్దలు సంఘం విషయాలు మాట్లాడుకుంటుంటే ఈయన పక్కన నిలబడి, వాళ్ళకే తెలియకుండా వాళ్ళ కాళ్ళ చుట్టూ పీతల్నీ నత్తల్నీ గీసి వెళ్ళిపోయేవారు.

ఇక ఆమెన్. పాటల్లో ఆయన అందరికన్నా వెనకబడేవారు గానీ ప్రార్థనలో మాత్రం అందరికన్నా ముందుండేవారు. పాస్టరుగారు చివరి మాట అనకముందే ఆయన గట్టిగా ఆమెన్ అనేసేవారు. పాస్టరుగారు ఒక్క క్షణం ఆగి, ఇంకా ఉంది అన్నట్టు గొంతు సవరించుకుని, మిగిలింది పూర్తి చేసేవారు. వెనక వరసలో పిల్లలం కిసుక్కుమనేవాళ్ళం. ఎన్నేళ్ళయినా ఆ అలవాటు మారలేదు. మా పాస్టరుగారే ప్రార్థన కొంచెం కుదించుకున్నారు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళాల్సి రావడం మాత్రం నవ్వులాట కాదు.

సండే స్కూల్లో కంఠత వాక్యం అంటే నేనే. ఏ అధ్యాయమైనా, ఏ వచనమైనా, నంబరు చెబితే చాలు, మాట పొల్లు పోకుండా చెప్పేదాన్ని. చుట్టుపక్కల సంఘాల పోటీలన్నిటికీ నన్ను తీసుకువెళ్ళేవాళ్ళు. నేను కడుపులో ఉన్నప్పుడే అమ్మ, ఈ బిడ్డ డాక్టరై నీ సేవ చేస్తుంది ప్రభువా అని మొక్కుకుంది. ఇంటర్ అయ్యాక నెల్లూరు కోచింగులో మొదటి రోజే అక్కడి బయాలజీ సారు, ప్రభుత్వ పాఠ్యపుస్తకం చేత్తో పైకెత్తి, "ఇదే మీ పరిశుద్ధ గ్రంథం, ఒక్క లైను వదలకూడదు" అన్నాడు. అది మాటవరసకు అన్న మాట. మిగతా పిల్లలు నవ్వి ఊరుకున్నారు. నేను మాత్రం ఆ పుస్తకాన్ని వచనాలుగా చేసుకున్నాను. పేజీని అధ్యాయం అనుకున్నాను, పేరాకు నంబరు వేసుకున్నాను. జన్యుశాస్త్రం మొత్తం, బొమ్మల కింది చిన్న అక్షరాలతో సహా, కళ్ళు మూసుకుని అప్పజెప్పగలిగేదాన్ని. పరీక్షలో లెక్క ఇచ్చేవాళ్ళు. ఈ తల్లికీ ఈ తండ్రికీ పుట్టే పిల్లల్లో ఎందరికి ఈ లక్షణం వస్తుంది అని అడిగేవాళ్ళు. నా దగ్గర పేరా ఉండేది, జవాబు ఉండేది కాదు.

రెండుసార్లు రాశాను, రెండుసార్లూ సీటు రాలేదు. నాన్న కోప్పడే మనిషి కాదు. అన్నం తింటూ, ఇంకొక్కసారి రాయి, రాకపోతే నర్సింగులో చేరిపో, అదీ సేవేగా అన్నాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ అమ్మ మొక్కు సంగతి నాకు తెలుసు. దేవుడు నన్ను అక్కర్లేదంటున్నాడా అన్నదే నా దిగులు. ప్రతి ఆదివారం సంఘం నా పేరు పెట్టి ప్రార్థన చేస్తుంటే తల ఎత్తలేక, స్తంభం వెనకాల కూర్చోవడం మొదలుపెట్టాను. మూడోసారికి హాస్టలు వద్దని ఇంటి నుంచే చదువుకుంటున్నాను. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అమ్మ నన్ను చెయ్యి పట్టుకుని సారు ముందు నిలబెట్టింది.

ఆయన జన్యుశాస్త్రం గురించి ఏదో ఒకటి చెప్పమన్నారు. నేను మొదలుపెట్టాను. బఠానీ మొక్కల దగ్గర ఎత్తుకుని ఎక్కడా ఆగకుండా పేరా తర్వాత పేరా చెప్పుకుంటూ పోయాను. ఆయన కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని, ప్రార్థనలో నిలబడినట్టే నిలబడ్డారు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగగానే, "ఆమెన్" అన్నారు.

అమ్మ బిత్తరపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆయన గొడుగు నా చేతికిచ్చి అన్నారు, "బాగా చెప్పినావు మే. ఇంక పుస్తకం మూసెయ్యి, నోరు గూడా మూసెయ్యి. గియ్యి."

అప్పుడు కోతలు అయిపోయిన రోజులు. మందిరం గోడ అవతల మళ్ళలో ఎరువుకోసం గొర్రెల మంద కట్టి ఉంది. ఆయన అటు చూస్తూ, వాక్యంలో యాకోబు గొర్రెలు కాసిన అధ్యాయం వచ్చునా అన్నారు. ఆ అధ్యాయానికి నాకు ప్రైజు కూడా వచ్చింది. అయితే చెప్పు, మామ మందలో మచ్చల గొర్రెలన్నీ యాకోబుకు కూలి కింద అని ఒప్పందం కదా, మరి మామ ఏం చేసినాడు అని అడిగారు. మచ్చలున్న వాటినన్నిటినీ ముందే ఏరేసి దూరంగా తోలించేశాడు అన్నాను. యాకోబు దగ్గర మిగిలినవి ఎట్టాంటివి అన్నారు. ఒక్క మచ్చ కూడా లేనివి అన్నాను.

"మరి తర్వాతి అధ్యాయంలో యాకోబుకి దేవుడు కలలో చూపించిన పొట్టేళ్ళన్నిటికీ మచ్చలుండాయే. అవి యాడ్నించి వచ్చినాయి?"

ఆ అధ్యాయాలు ఎన్నిసార్లు అప్పజెప్పి ఉంటానో. ఆ ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. గొర్రెలకు కనపడేలా యాకోబు చారల పుల్లలు నీళ్ళ తొట్ల దగ్గర పెట్టాడు కదా, వాటివల్లేమో అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, పుల్లలు యాకోబు చేసిన పని, కల దేవుడు చూపించింది, రెండూ కలపవద్దన్నారు. గోడ అవతల గొర్రెలు అరుస్తున్నాయి. నేను వాటి ఒళ్ళు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. చివరికి, "పైకి మచ్చ లేదు గానీ లోపల ఉందేమో సార్. మామకు పైది కనపడింది, దేవుడికి లోపలిది కనపడింది" అన్నాను.

"అయితే అట్టాంటి రెండిటికి పెళ్ళి చెయ్యి" అన్నారు.

ఇసుకలో నాలుగు గళ్ళు గీశాను. పైన తండ్రి నుంచి వచ్చేవి, పక్కన తల్లి నుంచి వచ్చేవి. మూడు గళ్ళలో సాదా పిల్లలు పడ్డాయి. నాలుగో గడిలో మచ్చల పిల్ల పుట్టింది. అంతకుముందు ఆ గళ్ళు పుస్తకంలో వందసార్లు చూసి ఉంటాను. నా చేతి కింద ఒక గొర్రెపిల్ల పుట్టడం మాత్రం అదే మొదలు. చదువుకునేటప్పుడు సంతోషం కలగడం కూడా అదే మొదలు.

ఆ తర్వాత రోజూ సాయంత్రం వెళ్ళేదాన్ని. ఆయన ఎన్నడూ తప్పు అనే మాట వాడలేదు. లెక్క తేడా వస్తే, "ఇంకోసారి పెళ్ళి చెయ్యి" అనేవారు. అరుగు మీద కూర్చుని వింటున్న మా అమ్మ, ఇన్ని పెళ్ళిళ్ళు చేసే ఇల్లు జిల్లాలో ఇంకెక్కడా ఉండదని నవ్వేది. బఠానీల్లో కూడా ఆయన గుండ్రటి గింజ, ముడతల గింజ లెక్కలే ఇచ్చేవారు. పసుపు గింజ, పచ్చ గింజ జోలికి పోయేవారు కాదు. అదెందుకో నేను ఆలోచించలేదు.

డీఎన్ఏ నుంచి ప్రొటీను ఎలా తయారవుతుందన్నది నాకు ఎంత బట్టీ పట్టినా అతుక్కునేది కాదు. ఒకరోజు ఆయన, మందిరంలో పీఠం మీది పెద్ద గ్రంథాన్ని ఎవరైనా ఇంటికి పట్టుకుపోతారా అని అడిగారు. పోరు, అది గడప దాటదు అన్నాను. మరి జబ్బుచేసి రాలేనివాళ్ళకు ఆ వారం వాక్యం ఎట్టా చేరుతుందన్నారు. ఆ పని నాదే. చీటీ మీద రాసుకుని ఇంటింటికీ ఇచ్చి వచ్చేదాన్ని. చెబుతూ చెబుతూనే ఆగిపోయాను. గడప దాటని గ్రంథం డీఎన్ఏ, గడప దాటే చీటీ దాని నకలు, ఇంటికాడ దాన్ని చదువుకుని పని మొదలుపెట్టే మనిషి. ఆయన గొడుగు కొనతో ఇసుకలో ఒక చిన్న చీటీ గీసి, దానికి కాళ్ళు పెట్టారు.

ఇప్పుడు చేపల సంగతి. పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకుని ఒక అక్క మా వీధికి వచ్చేది. సారు చేప చేతిలోకి తీసుకుని, మొప్ప ఎత్తి, వాసన చూసి, వేలితో నొక్కి, అన్నీ అయ్యాక పక్కన ఎవరుంటే వాళ్ళని పిలిచి, "ఎర్రంగా ఉండాదా?" అని అడిగేవారు. ఎదుటింటి మాణిక్యమ్మత్తను అడిగేవారు, పాస్టరుగారిని అడిగేవారు, దారినపోయే నన్ను అడిగేవారు. చేపలక్క ఆటపట్టించేది. "సారూ, నీ కండ్లు కాలేజీలోనే మర్సిపోయి వచ్చినావా? పోయి తెచ్చుకో పో. పంచాయతీ పెట్టకుండా ఒక్క చేపన్నా కొన్నావా నువ్వు?" అనేది. ఆయన ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా, సాక్షులు ఇద్దరు ఉండాలని వాక్యంలో ఉంది అనేవారు. చూపు మందగించింది కాబోలు అనుకున్నాను.

ఒక సాయంత్రం రంగులు తెలియని జబ్బు లెక్క వచ్చింది. కుటుంబం బొమ్మ గీయాలి. మగవాళ్ళకు చదరం, ఆడవాళ్ళకు సున్నా. జబ్బున్నవాళ్ళను నలుపు చేయాలి, జబ్బు లేకుండా లోపల మోసేవాళ్ళకు నడుమ చుక్క పెట్టాలి. ఆయన చెబుతుంటే నేను గీస్తున్నాను. అవ్వకు చుక్క. ఆమె కొడుకు నల్ల చదరం. కూతురికి చుక్క. ఆ కూతురి కొడుకు మళ్ళీ నల్ల చదరం. అమ్మ నుంచి కొడుక్కు వస్తుంది, నాన్న నుంచి కొడుక్కు రాదు, నాన్న నుంచి కూతుళ్ళందరికీ చుక్కగా పోతుంది, వాళ్ళ కొడుకుల్లో ఎవరికైనా రావచ్చు. అంతా సరిగ్గానే చెప్పాను. ఆయన గొడుగు తీసుకుని ఆఖరి చదరం మీద ఆనించారు.

"ఇది నేనే మే" అన్నారు.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత వంజరం మొప్పలు, పచ్చ గింజలు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆయన నవ్వుతూ, పిల్లప్పుడు పండు మిరపకాయలు కోసుకురమ్మంటే పచ్చివి కోసుకొచ్చి దెబ్బలు తిన్నానన్నారు. దెబ్బలతో పోయేది కాదని వాళ్ళమ్మకు తెలిసొచ్చాక ఆమె ఇంకో దిగులు పెట్టుకుంది. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వేళ బయటికొచ్చానని, బిడ్డ కళ్ళు తానే చెడగొట్టానని. రోజూ వాక్యం చదివే మనిషే, మోకాళ్ళ మీద ప్రార్థన చేసే మనిషే. ఆ ఒక్క భయం మాత్రం ఆమెను వదలలేదు.

పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిన మాట నా నోటికొచ్చింది. పాపం చేసింది ఇతనా, ఇతన్ని కన్నవాళ్ళా అని. ఇద్దరూ కాదని ప్రభువు చెప్పారు కదా సార్, ఆ మాట ఆమె చదవలేదా అన్నాను.

"చదివింది. చదివి ఏడ్చేది" అన్నారాయన. గొడుగు కొనను పై వరస చుక్క మీదికి జరిపారు. "ఈ గీత చూపించుంటే నమ్మేదేమో. ఆమె చేసింది కాదు మే, ఆమెకి గూడా వచ్చింది. వాళ్ళమ్మ దగ్గర్నుంచి. నేను చదువుకొని వచ్చేలోపలే పోయింది."

గొంతులో దుఃఖం లేదు. లెక్కలో మిగిలిన చివరి మెట్టు చెప్పినట్టే చెప్పారు. నేను మాత్రం ఇంటికి వెళ్ళి, పుస్తకంలో నంబర్లు వేసుకున్న పేరాలన్నీ కొత్తగా చదివాను. ప్రతి సున్నా వెనకా ఎవరో ఒక అమ్మ కూర్చుని ఉంది.

మా సంఘంలో పరీక్షలకు ముందు ఆదివారం పిల్లలు పెన్నులు, హాలు టిక్కెట్లు పీఠం దగ్గర పెడితే పాస్టరుగారు వాటి మీద ప్రార్థన చేస్తారు. అమ్మ కొత్త పెన్ను కొనుక్కొచ్చింది. వెనకటి రెండుసార్లూ ఆ పెన్నును పరీక్ష గేటు దగ్గరే తీసేసుకున్నారు, అక్కడ పెన్ను వాళ్ళే ఇస్తారు. ఆ సంగతి నేను అమ్మకు చెప్పలేదు. ఈసారి సారే లేచి చెప్పారు. అమ్మ మొహం చిన్నబోయింది. ప్రార్థన చేసిన పెన్ను లేకుండా ఎలా అంది. సారు, పెన్ను ఎవరిదైతేనేం, పట్టుకునే చెయ్యి ఈ బిడ్డదే గదమ్మా అన్నారు. పాస్టరుగారు నా కుడిచెయ్యి చాపమని దాని మీద ప్రార్థన చేశారు. సారు ఎప్పటిలాగే ముందే ఆమెన్ అన్నారు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

పరీక్షలో రంగుల లెక్క వచ్చింది. పేరా గుర్తు రాలేదు. చెయ్యి దానంతట అదే ఓ మూల చిన్న చదరం గీసింది.

రాసి వచ్చిన సాయంత్రం ఆయన ఎన్ని మార్కులు వస్తాయని అడగలేదు. వచ్చే ఆదివారం మందిరంలో ప్రభువు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు. నేను హడలిపోయాను. మాలో ఎవరైనా సీటో ఉద్యోగమో వచ్చాకే నిలబడి సాక్ష్యం చెబుతారు. రానివాళ్ళు ఏమీ చెప్పరు, నాలాగా స్తంభం వెనక్కి జరుగుతారు. ఫలితం రాకముందే చెబితే, రేపు సీటు రాకపోతే నవ్వుతారు సార్ అన్నాను.

"నవ్వేవాళ్ళు అప్పుడు గూడా నవ్వుతారు లే" అన్నారు. "నీకు ఇయ్యాల సంతోషంగా ఉండాదా, లేదా? అది చెప్పు చాలు. ర్యాంకు వచ్చినాక చెప్పేదానికి సంఘమంతా ఉండాది."

ఆదివారం స్తంభం వెనకనుంచి లేచాను. పరీక్ష ఏమవుతుందో నాకు తెలియదని, ఈ ఏడాదంతా ప్రభువు నాకు చదువులో సంతోషం ఇచ్చాడని, ఆయన చేసిన పనిని గళ్ళలో గీసి చూసే భాగ్యం దొరికిందని, డాక్టరునైనా నర్సునైనా ఆ సంతోషం నా దగ్గరే ఉంటుందని చెప్పాను. అమ్మ కొంగు కళ్ళకు అడ్డం పెట్టుకుంది. నాన్న మగవాళ్ళ వైపు తల వంచుకుని కూర్చున్నాడు. తలుపు దగ్గర చాప చివరి నుంచి సారు ఆమెన్ వినపడింది. నిలబడిన చోటే నా దిగులు దిగిపోయింది. దేవుడు నన్ను వద్దనలేదు. ఆ మాట తెలుసుకోవడానికి ఏ జాబితా కోసమూ ఎదురుచూడక్కర్లేదు.

సీటు వచ్చింది. ఆ వార్త చెప్పడానికి పరిగెత్తుకు వెళితే ఆయన ఏ ఊరని అడిగారు. చెప్పాను. సముద్రానికి దూరమే అని విచారించి, అక్కడ చేపలు కొనేటప్పుడు నీ కళ్ళతో నువ్వే చూసుకో అన్నారు.

నేను ఆఖరి ఏడాదిలో ఉండగా ఆయన నిద్రలోనే వెళ్ళిపోయారు. ఆయన జ్ఞాపకార్థం పెట్టిన కూడికకు చేపలక్క కూడా వచ్చింది. గంప గేటు బయట దించి, చీర చెంగు నడుముకు చుట్టుకుని ఒక పక్కన నిలబడింది. నన్ను చూసి దగ్గరికి వచ్చి, "కండ్లు లేవని ఎగతాళి చేసేదాన్ని గానీ, ఆ ముక్కుతో నాచేత ఒక్క చెడిపోయిన చేపన్నా అమ్మనిచ్చినాడా?" అంది. ఏడుపులోనే ఇద్దరం నవ్వేశాం.

ఈ మధ్య కళ్ళ విభాగంలో ఓపీ చూస్తున్నాను. రంగు చుక్కల పుస్తకం నా బల్ల మీదే ఉంటుంది. చుక్కల్లో దాగిన అంకె చెప్పమంటాం. మొన్న ఒక డ్రైవరు ఉద్యోగానికి పరీక్షకని వచ్చిన అతను పేజీ తర్వాత పేజీ తిప్పి, అంకెలేమీ లేవు మేడం, అన్నీ చుక్కలే అన్నాడు. వెంట వచ్చిన తల్లి కుర్చీ అంచున కూర్చుని ఉంది. సంగతి మెల్లగా చెప్పాను. అతను సరే, వేరే పని చూసుకుంటా అన్నాడు. తల్లి మాత్రం లేచి వచ్చి నా బల్ల పట్టుకుంది.

"వాడు కడుపులో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయటికొచ్చినానమ్మా" అంది గొంతు తగ్గించి. "ఎవురికీ చెప్పలా."

ఓపీ చీటీ వెనక్కి తిప్పాను. బయట చాలామంది వేచి ఉన్నారు, అయినా తొందరపడలేదు. పైన ఒక సున్నా గీసి నడుమ చుక్క పెట్టాను, అది ఆమెకు తల్లి. దాని కింద ఇంకో సున్నా, ఇంకో చుక్క. దాని కింద చదరం గీసి నల్లగా చేశాను. ఇది గ్రహణం వల్ల రాదు పెద్దమ్మా, మీరు చేసింది కాదు, ఇది మీకు కూడా వచ్చింది అని చెప్పాను. మీ అన్నదమ్ముల్లో ఎవరికైనా రంగులు తేడాగా కనపడేవా అని అడిగాను. తన చిన్న తమ్ముడు పండు మామిడికాయకూ పచ్చికాయకూ తేడా తెలియక కొరికి చూసేవాడంది. ఆ మాట తన నోట తనే విని ఆగిపోయింది.

ఆ చీటీ తన వైపు తిప్పుకుని నడుమ సున్నా మీద వేలు పెట్టింది.

"ఇది నేనా?" అంది.

"మీరే" అన్నాను.

"నాది నల్లగా లేదే" అంది, కొడుకు వైపు తిరిగి.